తుపాను తరువాత ఇంటి శిథిలాలు తొలగించే ముందు జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్దే తీరం దాటింది. అలాంటి తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, నెత్తిమీదికి వచ్చినప్పుడు గాలి దాదాపు ఆగిపోయి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అందువల్ల తుపాను పూర్తిగా దాటిపోయిందని అధికారిక ప్రకటన వెలువడే వరకు పని మొదలుపెట్టరాదు.

అన్నింటికన్నా ముందు చూడవలసింది కరెంటు. వీధిలో సరఫరా లేకపోయినా, పక్కింటి జనరేటరును సరైన స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపి ఉంటే తెగిపడిన తీగలోకి విద్యుత్తు ఎదురు ప్రవహించే ప్రమాదం ఉంది కనుక, ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నట్లే భావించి దూరంగా నిలబడి విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు తెలియజేయాలి. మన ఇంట్లో మెయిన్‌తో పాటు ఇన్వర్టరును కూడా ఆపాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. నీటిలో నిలబడి మాత్రం ఏ స్విచ్చునూ తాకరాదు.

గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకుండా, స్విచ్చులు వేయకుండా బయటికి రావాలి.

చెప్పులతో కాక, మందపాటి అడుగున్న బూట్లు, చేతి తొడుగులు ధరించి దిగాలి. పగిలిన సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు నార ఉండవచ్చు కాబట్టి మాస్కు పెట్టుకుని, తడిపి, విరగగొట్టకుండా ఎత్తాలి. ఒత్తిడితో వంగి ఉన్న కొమ్మను నరికితే అది ఎగిరి కొడుతుంది. పెద్ద చెట్లను అనుభవజ్ఞులకే వదిలేయడం మేలు. కొండవాలు కాలనీలలో రేకుల కింద పాములు ఉండవచ్చు.

బీమా ఉన్నవారు ఏదీ కదపకముందే ఫొటోలు తీసుకోవాలి.