మిషన్ స్టేట్‌మెంట్ రాస్తున్నారా? ఏప్రిల్ 15ని గుర్తుపెట్టుకుని రాయండి

మాది విశాఖలో చిన్న వ్యాపారం. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేపలు కొని, కోయించి, శుభ్రం చేయించి మధ్యాహ్నం వంటవేళకి ఎంవీపీ కాలనీ, సీతమ్మధార ఇళ్లకు చేరుస్తాం. మొదట్లో మా మిషన్ స్టేట్‌మెంట్, అంటే మా వ్యాపారం ఎందుకోసమో చెప్పే వాక్యం, ‘నాణ్యత, నమ్మకం, కస్టమర్ల సంతృప్తి’. అవే మాటలు జగదాంబ జంక్షన్ దగ్గర చెప్పుల షాపు బోర్డు మీద రాసినా సరిపోతాయి కదా! మీరు రాసిందాన్ని కూడా ముందు ఇలాగే చూడండి, మీ పేరు తీసి పక్క షాపు పేరు పెట్టినా అతికితే అది మీది కాదు, కొట్టేయండి.

పెద్ద పదాల కోసం వెతక్కండి. ఎవరి కోసం పనిచేస్తున్నారు, వాళ్ల ఏ ఇబ్బంది తీరుస్తున్నారు, ఎంత లాభం వస్తుందన్నా ఏ పని చేయరు, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. మొదటి రెండూ పది నిమిషాల్లో వచ్చేస్తాయి. మూడోది తేలడానికి మాకు ఒక వేసవి పట్టింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. వంజరం కావాలని వచ్చే ఫోన్లు మాత్రం ఆగవు. ఎప్పుడో ఐసులో పెట్టిన చేపని ఇవాళ్టిదని చెప్పి అమ్మేయొచ్చు, తేడా తెలియని వాళ్లు కొంటారు కూడా. ఆ టెన్షన్‌లో కూర్చుని రాసుకున్న వాక్యం ఇది: ‘చేప ఎక్కడిదో, ఎప్పటిదో దాచకుండా చెప్పి విశాఖ ఇళ్లకు చేరుస్తాం.’ ఇందులో ‘తాజా’ అన్న మాట కావాలనే పెట్టలేదు, ఏడాది పొడుగునా దాన్ని నిలబెట్టుకోలేం. ఇప్పుడు ఆ రెండు నెలలూ చెరువు చేపని చెరువు చేప అనే చెప్పి అమ్ముతున్నాం, ఐసుదైతే ఎన్ని రోజులదో ప్యాకెట్ మీద రాస్తున్నాం.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో మదురై అరవింద్ కంటి ఆసుపత్రిని చూస్తే తెలుస్తుంది. డాక్టర్ వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు, ‘అనవసరపు’ అంధత్వం లేకుండా చేయడమే లక్ష్యం. అంటే ఆపరేషన్ చేస్తే చూపొచ్చే మనిషి డబ్బు లేక గుడ్డివాడిగా ఉండిపోకూడదు. శుక్లాల ఆపరేషన్‌కి కావలసిన లెన్సులు దిగుమతి చేసుకుంటే పేదలకు అందవని 1992లో వాటి తయారీ కూడా మొదలుపెట్టారు!

వాక్యం కుదిరాక మీ దగ్గర పనిచేసేవాళ్లకి పైకి చదివి వినిపించండి, తెలుగులోనే. మేం చేపలు కోసే అక్కకి, డెలివరీ కుర్రాడికి చదివి, ‘సరుకు తక్కువొచ్చిన రోజు దీని ప్రకారం ఏం చేస్తారు?’ అని అడిగాం. వాళ్ల జవాబు, మీ జవాబు వేరుగా ఉంటే ఫ్రేమ్ కట్టించకండి, ఇంకోసారి రాయండి.