భాష రాని చోట ఫోటో తీయించుకోవాలంటే

పరదేశంలో దారిన పోయేవారికి ఫోన్ ఇచ్చి ఫోటో తీయమంటే మన పాదాలు తెగిపోతాయి, లేదా వెనకున్న గోపురం సగమే పడుతుంది. ఎలా తీయాలో చెబుదామంటే భాష రాదు.

ముందు మాదిరి ఫోటో మీరే తీయండి. మీరు నిలబడబోయే చోట తోడు వచ్చినవారిని నిలబెట్టండి, ఒంటరిగా వెళ్తే సంచి పెట్టినా చాలు. ఫోన్ నిలువుగా పట్టుకుని, గోపురం కొస పైన కాస్త ఆకాశం, పాదాల కింద కాస్త నేల కనిపించేలా తీయండి. ఆ ఫోటో వాళ్లకు చూపించి, మీరు ఆ ఫోటో తీసిన చోటే వాళ్లనూ నిలబెట్టి ఫోన్ ఇవ్వండి. ఇక మాటలతో పనిలేదు.

అన్నట్టు, కట్టడం మొత్తం రావాలని చాలామంది దాని మెట్ల దాకా వెళ్లి నిలబడతారు. అలా చేస్తే కట్టడమంతా పట్టడానికి ఫోటో తీసేవారు బాగా వెనక్కి జరగాలి, మనిషి చీమంత అవుతాడు. కట్టడానికి బాగా దూరంగా, ఫోన్‌కు మాత్రం రెండున్నర మూడు మీటర్లలో నిలబడితే మొహం, గోపురం రెండూ చక్కగా పడతాయి.

ఎండ మీ వెనకనుంచి కొడుతుంటే మాత్రం ఎంత మంచి మాదిరి చూపినా మొహం నల్లగానే వస్తుంది. ఫోన్ మొహానికి తగ్గట్టు వెలుగు సర్దుకునేలా, తెరపై మీ మొహం మీద ఒకసారి వేలితో తట్టమని సైగ చేయండి. అప్పటికీ తేలకపోతే చోటు మార్చుకోవాల్సిందే.