పంప్ ఎయిర్ రైఫిల్ విప్పే ముందు ఇది చదవండి

పంప్ ఎయిర్ రైఫిల్, అంటే లీవర్‌తో పంప్ చేసి గాలి నింపి కాల్చే తుపాకీ, కొన్న కొత్తలో చాలామందికి పుట్టే ఆశ ఒకటే, దీని పవర్ ఇంకాస్త పెంచొచ్చా అని. లోపలి స్ప్రింగ్ మార్చేవాళ్లు, గాలిని పట్టి ఉంచి వదిలే వాల్వ్ తొలిచేవాళ్లు, పది పంపులని రాసి ఉంటే పదిహేను కొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ జోలికి వెళ్లకండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం మన దేశంలో బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ గన్‌కే లైసెన్స్ అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ (ఇందులో వాడే చిన్న గుండు) సెకనుకు 280 మీటర్ల వేగంతో వెళ్తే దాదాపు 20 జౌళ్లు అయిపోతాయి, ఆ గీత దాటించాక కొన్న బిల్లు చూపించినా లాభం ఉండదు.

పైగా ఎక్కువ పంపులు కొడితే వచ్చేది కూడా పెద్దగా ఏమీ లేదు. మొదటి మూడు నాలుగు పంపులకు వేగం బాగా పెరుగుతుంది, పైకి వెళ్లేకొద్దీ ఒక్కో పంపుకు కలిసేది తగ్గిపోతూ ఉంటుంది. కంపెనీ చెప్పిన లెక్క దాటితే లోపలి ఒత్తిడి ఎంత అవుతుందంటే వాల్వ్‌ను తట్టి తెరిచే హ్యామర్ కొట్టినా వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు సరిగా రాదు, గాలి సగం లోపలే ఉండిపోతుంది. అప్పుడు గన్ ఖాళీ అయిందనుకుని స్క్రూలు విప్పడం మొదలుపెడతారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే. విప్పాలంటే ముందు పెల్లెట్ లేదని కళ్లతో చూసుకుని, మనుషులు లేని దిక్కున పెట్టి కాల్చి గాలి వదిలేయండి. అయినా వదలకపోతే సుత్తితో కొట్టకుండా, తెలిసిన రిపేరు మనిషి దగ్గరకు తీసుకెళ్లండి.

ఇంట్లో ధైర్యంగా చేయగలిగినవి చిన్న పనులే, కానీ తేడా కనిపించేది వాటితోనే. పంప్ వాషర్ ఎండిపోతే గాలి పట్టదు, ఎన్ని పంపులు కొట్టినా దండగ, అందుకే కంపెనీ చెప్పిన ఎయిర్ గన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేయండి. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే లాంటివి వద్దు, కొన్ని సీళ్లను పాడుచేస్తాయి, ఒత్తిడికి వేడెక్కి అంటుకోవచ్చు కూడా. బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, మెత్తటి గుడ్డతో తుడవండి, స్టీలు బ్రష్ పెడితే పెల్లెట్‌ను తిప్పే లోపలి గాడులు పాడైపోతాయి. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) స్క్రూలు, సైటు (గురి చూసే భాగం) స్క్రూలు వదులైతే గురి చెదిరిపోతుంది, జనం మాత్రం తప్పు పవర్ మీదకు తోసేస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్ల పెల్లెట్ వేగం సెకనుకు దాదాపు 170 మీటర్లే! రెండు మూడు రకాల పెల్లెట్లు కొని, ప్రతిసారీ ఒకే లెక్కన పంప్ చేసి, మీ బ్యారెల్‌కు ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసుకోండి.

కాల్చేటప్పుడు కళ్లకు రక్షణ కళ్లజోడు తప్పనిసరి. గోడకో రాయికో గురిపెడితే పెల్లెట్ తిరిగి మీ మీదకే రావచ్చు, దళసరి చెక్క పెట్టెలో బంకమట్టి కుక్కి దాని ముందు టార్గెట్ పెట్టండి, పక్కింటి మేడ వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. పంప్ లీవర్ మూసేటప్పుడు వేళ్లు నలుగుతాయి, కాబట్టి చెయ్యి పెట్టే చోటు చూసుకోండి, పిల్లలతో పంప్ చేయించకండి. పిట్టల్ని, కొంగల్ని కొడదామనే సరదా ఉంటే మానుకోండి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసవుతుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్‌లు అప్పగించండని ప్రభుత్వమే జనాన్ని కోరింది కూడా ఈ వేట వల్లే.

వానాకాలంలో పైన సన్నగా నూనె రాసి పొడిచోట పెట్టండి. వాల్వ్ సీలు కోసం ఒకటి రెండు పంపులు కొట్టి దాచమని కొన్ని మోడళ్ల పుస్తకాల్లో ఉంటుంది, మీ దాంట్లో అలా రాసి ఉంటేనే చేయండి, అదీ పెల్లెట్ లేకుండా, బీరువాకు తాళం వేసి. పెల్లెట్లు సీసంతో చేసినవి కదా, ముట్టుకున్న చేతులతో అన్నం తినకండి, సబ్బుతో కడుక్కోండి.