డెక్‌నెట్ తీసేశాక కెర్నల్ మొరాయిస్తోందా?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర, సాయంత్రం పూట కొంతమంది పిల్లలకి లినక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్, నేర్పుతుంటాను. 5.15 కెర్నల్‌లోంచి డెక్‌నెట్ అనే పాతబడిపోయిన నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ని తీసేయడం వాళ్లకి నేనిచ్చే మొదటి పని. ఆ కోడ్‌ని చూసుకునే మనిషి 2010 నుంచీ లేడు. దాని రౌటర్ భాగం పక్కన ఇది ఇంకా ప్రయోగాత్మకమే అని రాసి ఉండేది. చివరికి 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నల్ నుంచి దాన్ని తీసేశారు. మా పిల్లలు ఏటా తగిలించుకునే దెబ్బలు ఇవి.

సమస్య: డెక్‌నెట్ ఫోల్డర్ డిలీట్ చేయగానే, కెర్నల్‌ని బిల్డ్ చేసే మేక్ కమాండ్ మొదట్లోనే ఆగిపోతుంది.

కారణం: నెట్ ఫోల్డర్‌లోని కేకాన్ఫిగ్ ఫైలు (బిల్డ్‌లో ఎంచుకునే ఆప్షన్ల జాబితా) ఇంకా డెక్‌నెట్ కేకాన్ఫిగ్‌ని పిలుస్తోంది.

పరిష్కారం: ఆ సోర్స్ లైను, మేక్‌ఫైల్‌లో డెక్‌నెట్ లైను తీసేయండి. ఐదు నిమిషాల పని.

సమస్య: బిల్డ్ శుభ్రంగా అయిపోయింది, ఒక్క ఎర్రరూ లేదు. అయినా పని పూర్తి కాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే పిల్లలు ఇక్కడే సంతోషంగా ఇంటికి వెళ్లిపోతారు.

కారణం: ఈ కోడ్ ఒక్క ఫోల్డర్‌లో కూర్చుని లేదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ కెర్నల్ ఉంచే నెట్_డివైస్ స్ట్రక్చర్‌లో డీఎన్_పీటీఆర్ అనే పాయింటర్ ఉంది. ప్యాకెట్లని వడకట్టే నెట్‌ఫిల్టర్‌లో దీనికి వేరే హుక్స్, అంటే కోడ్ తగిలించే చోట్లు, ఉన్నాయి. పాత ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ల డెఫ్‌కాన్ఫిగ్ (ముందే సిద్ధం చేసిన సెట్టింగుల) ఫైళ్లలో దీని పేరు ఉంది. వీటిలో చాలా వరకు ఇఫ్ షరతుల మధ్య ఉంటాయి. కాన్ఫిగ్ ఆప్షనే లేనప్పుడు ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు, కంపైలర్ అటు చూడనే చూడదు. ఎర్రర్ రావడం లేదంటే కోడ్ పోయిందని కాదు.

పరిష్కారం: కంపైలర్‌ని నమ్మకండి, కోడ్ అంతటా ఒక పదాన్ని వెతికే గిట్ గ్రెప్‌ని నమ్మండి. కాన్ఫిగ్_డెక్‌నెట్, డీఎన్_పీటీఆర్, నెట్ కింద డీఎన్‌తో మొదలయ్యే హెడర్ల (వేరే ఫైళ్లు వాడుకునే నిర్వచనాల ఫైళ్ల) పేర్లు, ఒక్కొక్కటీ వెతకండి. డాక్యుమెంటేషన్, మెయింటెయినర్స్ ఫైలు కూడా వదలొద్దు. అంతా అయ్యాక 6.1 చరిత్రలో అసలు తొలగింపు కమిట్ తెరిచి, మీ ఫైళ్ల జాబితా పక్కన పెట్టి చూసుకోండి. ముందే చూస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు.

సమస్య: కెర్నల్ బాగానే బూట్ అయింది కానీ, డెక్‌నెట్ వాడే పాత సీ ప్రోగ్రామ్ కంపైల్ అవడం లేదు, హెడర్ దొరకలేదంటోంది.

కారణం: ఊపులో యూఏపీఐ ఫోల్డర్‌లోని హెడర్‌ని కూడా తీసేశారు. అది కెర్నల్ సొంతం కాదు, బయటి ప్రోగ్రాములకి ఇచ్చిన మాట.

పరిష్కారం: వెనక్కి పెట్టేయండి. 6.1లో తీసేసినవాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. అందుకోసం డెక్‌నెట్ పేరు మీద ఒక ఖాళీ నైబర్ టేబుల్ (పక్క మెషిన్ల అడ్రసుల పట్టిక) మిగిలిపోయినా సరే అనుకున్నారు. డెక్‌నెట్ అడ్రస్ ఫ్యామిలీ (ఏ రకం నెట్‌వర్క్ అడ్రసో చెప్పే గుర్తు) నంబరు 12ని కూడా అలాగే వదిలేయండి.

ఇక ఆ ప్రోగ్రామ్ నడిపితే 97వ నంబరు ఎర్రర్, అంటే ఆ అడ్రస్ ఫ్యామిలీకి సపోర్ట్ లేదని వస్తుంది. టెన్షన్ పడకండి, రావాల్సింది అదే.

ఎవరూ వాడని కోడ్‌తో మనకేం నష్టమని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. చాలా ప్రోటోకాల్ మాడ్యూళ్లు, మామూలు యూజర్ ఒక సాకెట్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) అడిగితే చాలు, వాటంతటవే లోడ్ అవుతాయి. డీసీసీపీ అనే ఇంకో ప్రోటోకాల్ 2005లో కెర్నల్‌లోకి వచ్చింది. అందులో ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేసే లోపం 2017లో గానీ బయటపడలేదు. మామూలు యూజర్ దాంతో రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, అయిపోవచ్చు. 2025లో 6.16 నుంచి డీసీసీపీని కూడా తీసేశారు.

మీ సర్వర్‌లో కెర్నల్ మార్చే వీలు లేకపోతే, మాడ్యూళ్లు లోడ్ చేసే సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో, వద్దనుకున్న మాడ్యూల్ పేరుతో ఇన్‌స్టాల్ లైను రాసి, దాన్ని ఎప్పుడూ విఫలమయ్యే ఫాల్స్ కమాండ్‌కి కట్టేయండి. బ్లాక్‌లిస్ట్ లైను ఒక్కటే రాస్తే, రూట్ పేరు పెట్టి పిలిచినప్పుడు మాడ్యూల్ లోడ్ అయిపోతుంది. ఈ లైను రాసేముందు, లోడ్ అయిన మాడ్యూళ్లని చూపే ఎల్ఎస్‌మోడ్ కమాండ్‌లో దాని వాడకం సున్నా ఉందో లేదో చూసుకోండి. కొత్త కెర్నల్ వేసేవాళ్లు పాతదాన్ని గ్రబ్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌ని ఎంచుకునే) మెనూలో కొన్నాళ్లు ఉంచుకోండి.