వానలు మొదలయ్యేలోపు బైక్ బ్రేక్ డిస్క్‌ని లేత్‌కి ఇవ్వబోతున్నారా?

బ్రేక్ నొక్కితే లివర్ వేలి కింద టకటకా కొట్టుకుంటోందని ఆటోనగర్‌కి వెళ్తే, "డిస్క్ లేత్ పట్టిద్దాం అన్నా, కొత్తదైపోద్ది" అంటారు. అంటే లేత్ యంత్రం మీద పైపొర చెక్కి నున్న చేయడం. సరే అనే ముందు డిస్క్ మధ్యభాగం చూడండి. "మిన్ టీహెచ్" అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చాల్సిందే, బేరం లేదు.

కారు డిస్క్ మందంగా ఉంటుంది, లేత్‌కి తట్టుకుంటుంది. బైక్ డిస్క్ కొత్తదే సాధారణంగా 4, 5 మిల్లీమీటర్లు. కొత్తదానికీ ఆ చివరి అంకెకీ తేడా చాలా బళ్ళకి అర మిల్లీమీటర్ అటూ ఇటూ. అందులో అరుగుదల పోగా లేత్‌కి మిగిలేదెంత?

కొలతలోనే మోసం జరుగుతుంది. డిస్క్‌ని నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్ తగలని అంచు గట్టులా లేచి ఉంటుంది. వెర్నియర్ పెడితే ఆ గట్టు మందమే చూపిస్తుంది. నా బండికి అలాగే కొలిచి "బోలెడుంది" అన్నారు, నమ్మాను. మొదటి వానలో వారధి మీద లివర్ మళ్ళీ కొట్టుకుంది. మైక్రోమీటర్‌తో, ప్యాడ్ తిరిగే దారిలోనే, చుట్టూ ఆరేడు చోట్ల కొలిపించండి.

రాత్రంతా తడిస్తే పట్టే ఎర్రటి తుప్పుకి ఏ పనీ అక్కర్లేదు, నాలుగు బ్రేకులకి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో మునిగిన బండి అయితే ముందు కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగం) పిన్నులు కదులుతున్నాయో లేదో చూడండి. అవి పట్టేస్తే ఒకవైపు ప్యాడే అరుగుతుంది. డిస్క్‌ని ఎంత నున్న చేసినా మళ్ళీ అదే కథ.

మందం ఉండి చేయించదలిస్తే లేత్ టూల్ వద్దు, గ్రైండింగ్ అడగండి. చిల్లుల దగ్గర టూల్ ఎగిరిపడి పలచటి డిస్క్ వణుకుతుంది. రెండువైపులా సమంగా తీయాలి. కాలిపర్ ఊడదీసి ఉన్నప్పుడు లివర్ నొక్కితే పిస్టన్ బయటికొచ్చేస్తుంది, పిల్లల్ని బండి దగ్గరికి రానివ్వకండి. ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) ఉంటే దాని సెన్సర్ రింగుకి దెబ్బ తగలనివ్వకండి. బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి, జిడ్డు చెయ్యి పెట్టకూడదు.

ప్యాడ్లు కొత్తవే వేయించండి. పాతవాటి మీద పాత గీతలే ఉంటాయి. ఖాళీ రోడ్డు మీద ముప్ఫైసార్లు మెల్లగా నొక్కి వదులుతూ అలవాటు చేయండి. ఆ పూటే కొండపల్లి ఖిల్లా ఎక్కి దిగుదామన్న సరదా మాత్రం వద్దు.