టాంజానియా వెళ్ళేవాళ్ళకి స్వాహిలీ – 3వ భాగం: టైమెంతయింది?

పోయిన భాగంలో అంకెలు చెప్పుకున్నాం కదా, అవి నోటికి రాకపోతే ఈ భాగం అస్సలు ఎక్కదు, ఇంకోసారి అనుకోండి: మోజా, మ్బిలి, టాటు, న్నే, టానో, సిటా, సబా, నానే, టీసా, కూమి, కూమి నా మోజా, కూమి నా మ్బిలి. పన్నెండు చాలు, గడియారానికి అంతకంటే అక్కర్లేదు.

నేను దారెస్సలాం వెళ్ళిన కొత్తలో అరూషా బస్సుకి టికెట్ కొంటే దాని మీద పెన్నుతో సా 12 అసుబుహి అని రాసిచ్చారు, నాకు అందులో 12 ఒక్కటే అర్థమైంది, ఇంకేముంది మధ్యాహ్నం బస్సు అనుకుని పప్పన్నం తినేసి తీరిగ్గా పదకొండున్నరకి బస్టాండుకి పోతే బస్సు పొద్దున ఆరింటికే వెళ్ళిపోయిందట. కౌంటర్లో ఆవిడ ఒకటే నవ్వు. డబ్బులు గోవిందా, తప్పు మాత్రం పూర్తిగా నాదే.

సంగతేంటంటే అక్కడ గంటల లెక్క అర్ధరాత్రి నుంచి కాదు, పొద్దు పొడిచినప్పటి నుంచి. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏ నెలైనా ఇంచుమించు ఆరింటికి తెల్లారుతుంది, మళ్ళీ ఆరింటికి చీకటి పడుతుంది. సా అంటే గంట, తెల్లారి ఒక గంట అయితే సా మోజా, అంటే మన ఏడు. మన తాతలు జాము పొద్దెక్కింది అనేవాళ్ళు చూడండి, అలాంటిదే, కాబట్టి మనకి మరీ వింతేం కాదు.

ఆరు కలపడం తీసేయడం అని బుర్ర పాడుచేసుకోకండి. ముల్లుల గడియారం ఒకటి ఊహించుకోండి, చిన్న ముల్లు ఎనిమిది మీద ఉంటే దానికి సరిగ్గా ఎదురుగా రెండు ఉంటుంది కదా, అదే స్వాహిలీ టైము, సా మ్బిలి. నిమిషాలు మారవు. అరగంటకి నా నుసు, పావుకి నా రోబో, పావు తక్కువకి కసోరో రోబో.

పొద్దునా రాత్రా అనేది చివర్లో వస్తుంది: అసుబుహి పొద్దున, మ్చానా మధ్యాహ్నం, జియోనీ సాయంత్రం, ఉసీకు రాత్రి. ఈ మాట వినకుండా టైము ఖాయం చేసుకోకండి, నా బస్సు పోయింది ఇక్కడే.

ఫోన్లో, విమానం టికెట్ల మీద మామూలు టైమే ఉంటుంది. చిక్కంతా మనుషుల దగ్గర, కొంతమంది ఇంగ్లీషులో మాట్లాడుతూ కూడా లెక్క మాత్రం స్వాహిలీదే చెప్తారు, బజాజీ అతను (అవును, మన బజాజ్ ఆటోనే) రేపు రెండింటికి వస్తా అంటే ఎనిమిదింటికే గుమ్మంలో ఉండొచ్చు. సిగ్గుపడకుండా అడిగేయండి: సా జా కిస్వాహిలీ? అంటే స్వాహిలీ టైమేనా అని. టైమెంత అనడానికి సా ంగాపి?

ఇప్పుడు మీ వంతు, జవాబులు వచ్చే భాగంలో:

కొట్టు సా టాటు కసోరో రోబో అసుబుహి తీస్తారు. మన లెక్కలో ఎన్నింటికి?

మధ్యాహ్నం పన్నెండున్నరని ఎలా చెప్తారు?

సా టాటు ఉసీకుకి మీరు దారెస్సలాం నుంచి ఇంటికి ఫోన్ చేశారు, ఇండియా అక్కడికంటే రెండున్నర గంటలు ముందు. అమ్మ మేలుకునే ఉంటుందా?