కౌంటర్లు రెండు, వేగాలు వేరు: క్యూ ఎందుకు కదలదు, ఏం చేయాలి

ఒక ఆసుపత్రి మందుల విభాగం తీసుకుందాం. మొదటి కౌంటర్‌లో చెయ్యి తిరిగిన ఫార్మసిస్టు గంటకు 30 చీటీలు చూస్తారు, రెండో కౌంటర్‌లో కొత్తగా చేరినవారు 10 చూస్తారు. గంటకు సగటున 24 మంది వస్తారు. మొత్తం 40 మందికి సరిపడా ఏర్పాటు ఉన్నా గొడవ ఆగదు.

ముందుగా ఒక లెక్క. మనుషులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కో చీటీకి ఒక్కో సమయం పడుతుంది. అలాంటి చోట, కౌంటర్ గంటకు చూడగలిగినవారి సంఖ్యలోంచి అక్కడికి వచ్చేవారిని తీసేసి, మిగిలినదానితో 60ని భాగించండి. ఒక మనిషి అక్కడ గడిపే సగటు నిమిషాలు వస్తాయి.

సమస్య: ఒక క్యూ పెరుగుతూనే ఉంటుంది

కారణం: టోకెన్లు ఇటొకటి అటొకటి ఇస్తున్నారు. రెండో కౌంటర్‌కు గంటకు 12 మంది చేరుతుంటే అక్కడ పని అయ్యేది పదిమందికే. మొదటి కౌంటర్ మాత్రం సగానికి పైగా సమయం ఖాళీ.

పరిష్కారం: సమాన పంపకం ఆపండి. కొత్త ఉద్యోగిని తొందరపెట్టకండి. మందులిచ్చే చోట తొందర ఏం తెచ్చిపెడుతుందో చెప్పనక్కర్లేదు.

సమస్య: వేగాన్నిబట్టి పంచినా సణుగుడు తగ్గదు

అందరికీ ముందుగా తోచే ఉపాయం 18, 6గా పంచడం. అప్పుడు మొదటి కౌంటర్‌లో 5 నిమిషాలు, రెండోదాంట్లో 15, మొత్తమ్మీద సగటు 7.5. ఇద్దరు ఉద్యోగులూ సమానంగా పనిలో ఉంటారు నిజమే, కానీ నిలబడేవారికి దానితో ఏం పని?

పరిష్కారం: 20, 4గా పంచండి, అంటే ఆరు టోకెన్లలో ఒకటే రెండో కౌంటర్‌కు. సమయాలు 6, 10 నిమిషాలవుతాయి, సగటు 6.7కు దిగుతుంది. సూత్రం ఏమిటంటే, మిగులు సామర్థ్యాన్ని (ఇక్కడ 40లో 24 పోగా 16) వేగాల నిష్పత్తిలో కాక వాటి వర్గమూలాల నిష్పత్తిలో కౌంటర్లకు వదలాలి, అంటే దాదాపు 10, 6.

ఎవరికి వారే ఎంచుకోనిస్తే పోదా అంటారా? రెండు చోట్లా సమయం సమానమయ్యేదాకా జనం సర్దుకుంటారు: 22, 2. అందరికీ 7.5 నిమిషాలు. నిష్పత్తి ప్రకారం పంచినప్పటి సగటు కూడా ఇదే. మన 20, 4 పంపకంలో నలుగురు ఎక్కువసేపు ఆగుతారన్న మాట నిజమే, కాబట్టి ఆ నలుగురిలో వృద్ధులు పడకుండా చూడండి.

సమస్య: రద్దీ లేని వేళ కూడా ఆలస్యం

గంటకు 8 మందే వస్తున్నా పర్యవేక్షకులకు ఖాళీగా కూర్చున్న ఉద్యోగి కంట్లో నలుసు. అందుకే కొందరిని అటు పంపుతారు. 6, 2గా పంపితే సగటు 3.75 నిమిషాలు. అందరినీ మొదటి కౌంటర్‌కే పంపితే 2.7.

పరిష్కారం: ఈ వేగాల దగ్గర గంటకు దాదాపు 13 మంది వచ్చేవరకు రెండో కౌంటర్ తెరవకండి. ఆ ఉద్యోగి సరుకు సర్దుకోవచ్చు.

సమస్య: చిన్న క్యూలో నిలబడితే ఇంకా ఆలస్యం

కారణం: తలలు లెక్కపెట్టారు, నిమిషాలు కాదు. మొదటి కౌంటర్‌లో నలుగురున్నారు, రెండోదాంట్లో ఒక్కరే. మీరు అయిదోవారైతే 5×2, పది నిమిషాలు. అటు రెండోవారైతే 2×6, పన్నెండు. పొడవైన క్యూలోనే నిలబడండి.

చిన్న క్యూ నియమం తప్పుడు నియమమేమీ కాదు. వేగాలు సమానమై, సేవా సమయాలు ఘాతీయ విభాజనంలో ఉంటే (చిన్న పనులు ఎక్కువ, చాలాసేపు పట్టేవి అరుదు) అదే ఉత్తమమని విన్‌స్టన్ అనే పరిశోధకుడు 1977లో నిరూపించారు. ఆ షరతులు దాటితే నమ్మలేం. వేగాలు సమానమైనా సేవా సమయాల తీరు మారితే అది ఓడిపోయే సందర్భాలను విట్ అనే మరో పరిశోధకుడు 1986లో చూపించారు.

సమస్య: ఒకే క్యూ పెట్టినా మార్పు అంతంతమాత్రం

వీలుంటే ఒకే క్యూ పెట్టడమే నా ఓటు. కానీ రెండో కౌంటర్ ఖాళీ అవగానే తదుపరి మనిషిని పిలిచేస్తే లాభం కరిగిపోతుంది. క్యూలో ఒక్కరే ఉంటే, మొదటి కౌంటర్ ఖాళీ అయ్యేదాకా ఆగితే సగటున 4 నిమిషాల్లో బయటపడతారు, అటు వెళితే 6. క్యూ ఒక హద్దు దాటాకే నెమ్మది కౌంటర్‌ను వాడాలని లిన్, కుమార్ అనే పరిశోధకులు 1984లో నిరూపించారు. ఇద్దరు ముగ్గురు పోగయ్యాక పిలవడంతో మొదలుపెట్టి, రద్దీని బట్టి సర్దుకోండి.

సమస్య: కంప్యూటర్ సర్వర్లలో అభ్యర్థనలన్నీ పాడైన యంత్రానికే పోతున్నాయి

కారణం: కంప్యూటర్లలో ఒక్కో సర్వర్ ఒక్కో కౌంటర్ లాంటిదే. తక్కువ పని ఉన్న సర్వర్‌కు పంపే పద్ధతిలో, పని చేయకుండా వెంటనే లోపం చూపే యంత్రం ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. అన్నీ దానికే చేరతాయి.

పరిష్కారం: విఫలమైన జవాబులు లెక్కించి ఆ సర్వర్‌ను కొంతసేపు తప్పించాలి. అభ్యర్థనలను సర్వర్లకు పంచే ఎన్జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఉంది గానీ, మామూలుగా అది కనెక్షన్ లోపాలను, గడువు దాటడాన్ని, ఖాళీ లేదా చెల్లని జవాబులను మాత్రమే వైఫల్యంగా తీసుకుంటుంది. 500 లోపాన్ని (సర్వర్ తన లోపలే పని చెడిందని ఇచ్చే జవాబును) కూడా లెక్కలోకి తెమ్మని సెట్టింగుల్లో విడిగా చెప్పాలి.